నీది ఒకటి నా దగ్గర ఉండిపోయింది

ఏడేళ్ల పిల్లవాడి గొంతు యాభై నాలుగేళ్ల ఆడమనిషి నోటి నుంచి రావడం నేను మొదటిసారి విన్నది నారాయణగూడలో, ఒక పిండి గిర్నీ పక్క మేడ మీద. తొంభైల నడిమి కాలం అది. ఇళ్లకు కేబుల్ వచ్చి కొన్నేళ్లే అయింది. విదేశీ కార్టూన్లకు తెలుగు మాటలు పెట్టి సాయంత్రం పూట వేయడం అప్పుడప్పుడే మొదలవుతోంది. ఆ మేడ మీది రెండు గదుల్లో అలాంటి డబ్బింగు పని జరిగేది.

నేను అక్కడ మాటలు రాయడానికి చేరాను. తెలుగు ఎం.ఏ. పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షల కోసం రోజంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చునేదాన్ని. మా నాన్న తాపీ మేస్త్రీ. పాలమూరు వైపు పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చి లోయర్ ట్యాంక్ బండ్ కింది బస్తీలో స్థిరపడ్డాడు. మా ఇంట్లో పుస్తకం పట్టినదాన్ని నేనొక్కదాన్నే. లైబ్రరీలో రోజూ నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు, "ఇంగ్లీషుకెంచి తెలుగు రాసేటోళ్లు కావాల్నట, పోతవా?" అని అడిగింది. వెళ్లాను. పని దొరికింది.

ఆ స్టూడియో నడిపే ఆయన కృష్ణా జిల్లా మనిషి. సౌండు రికార్డు చేసేదీ ఆయనే, ఫోన్లు ఎత్తేదీ ఆయనే. అందరం అన్నగారూ అనేవాళ్లం. రికార్డింగ్ గది గోడలకు కంబళ్లు, గుడ్ల అట్టలు అంటించి ఉండేవి. మైకు పెట్టాక ఫ్యాను ఆపేయాలి. కింద గిర్నీ ఆడుతున్నంతసేపూ పని ఆగాలి. జొన్నల గంప దించిన చప్పుడు వినగానే అన్నగారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఇంకో పావుగంట" అనేవారు.

ఆ గదిలో, మా కార్టూన్ల ఏడేళ్ల కథానాయకుడికి గొంతు ఇచ్చేది పెద్దమ్మ. వయసులో చిన్నవాళ్లమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్లం. చిక్కడపల్లిలో ఒక సందులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేది. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసి, ఆ మిషన్ల మోతకు చెవులు చాలావరకు పోగొట్టుకున్నాడు. ఆమె మాత్రం ముప్పై ఏళ్లుగా గొంతు మీదే బతికింది. మొదట నాటకాలు, తర్వాత రేడియోలో పిల్లల కార్యక్రమాలు, ఇప్పుడు కార్టూన్లు.

ఆమె పని చేస్తుంటే నా పని వదిలేసి చూస్తుండేదాన్ని. గాజులు తీసి నా చేతికిచ్చేది. పట్టుచీర సవ్వడి మైకుకు వినబడుతుందని ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీరే కట్టుకొచ్చేది. రికార్డింగ్ ఉన్నరోజు పెరుగు ముట్టేది కాదు. మైకును బాగా కిందికి దింపించి, మోకాళ్లు కొద్దిగా వంచి, తల పైకెత్తి మాట్లాడేది.

"ఎందుకు పెద్దమ్మా అట్ల వంగుతరు? నడుము నొస్తలేదా?" అని అడిగాను ఒకసారి.

"ఏడేండ్ల పోరడు పెద్దోళ్లను కిందికెంచి చూస్తడు గద బిడ్డా. నిటారుగ నిలబడి మాట్లాడితే గొంతుల పెద్దరికం వస్తది" అంది.

కార్టూన్‌లో పిల్లవాడు పరుగెత్తితే ఆమె మడతపెట్టిన కంబళి మీద నిలబడి ఉన్నచోటే పరుగెత్తేది. వాడు పండు తింటూ మాట్లాడాల్సి వస్తే కొంగు చివర ముడేసిన ఎండు ఖర్జూరం బుగ్గన పెట్టుకునేది. చేసిందంతా చేసి, నుదుటి చెమట తుడుచుకుని, "మంచిగొచ్చిందా అన్నగారూ? లేకుంటే మళ్ల చేస్త" అని అడిగేది. మళ్లీ చేయాల్సిన అవసరం నాకు తెలిసి ఎన్నడూ రాలేదు. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి వచ్చిన భాగం కథ ఇది. పిల్లవాడు వాన కురుస్తున్న రోజు ఇంట్లో ఊరికే కూర్చోలేక, మాసిన బట్టల బుట్టలో ఎక్కి కూర్చుంటాడు. నెత్తిన గిన్నె బోర్లించుకుని, "ఇది వెనక్కి పోయే బండి. నిన్నకు పోతుంది, మొన్నకు పోతుంది" అంటాడు. అంతా వాడి ఊహే. ఎక్కడికి పోవాలా అని ఆలోచిస్తే, తను ఎవరెవరికి ఏమేం తిరిగి ఇవ్వాలో గుర్తొస్తుంది. చెప్పులు కుట్టే తాత ఇచ్చిన గొడుగు మళ్లీ ఇవ్వలేదు. ఎదురింటి అమ్మాయి ఉయ్యాల వంతు తనే ఊగేశాడు. నానమ్మ కథ చెబుతుంటే సగంలో నిద్రపోయాడు. ఆ తర్వాత ఆమె చనిపోయింది. బుట్టలో ప్రయాణం చేసి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి బాకీ తీరుస్తాడు. చివరకు బుట్ట బోర్లాపడి లేచేసరికి వాన వెలిసి ఉంటుంది. తాత దుకాణం పక్క వీధిలోనే ఉందని, ఆ అమ్మాయి ఎదురింట్లోనే ఉందని అప్పుడు వాడికి తడుతుంది. వాళ్ల దగ్గరికి నడిచే వెళ్తాడు. నానమ్మ కోసం మాత్రం సాయంత్రం మళ్లీ బుట్ట ఎక్కుతాడు.

పిల్లల కార్టూన్ అని తేలిగ్గా మొదలుపెట్టాను. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. వాడు ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లి, తాను బాకీ ఉన్నానని చెప్పాలి. "నేను నీకు ఋణపడి ఉన్నాను" అని రాశాను. చదువుకున్నదాన్ని కదా, ఆ మాట నాకు బాగానే అనిపించింది.

పెద్దమ్మ కాగితం చదివి కళ్లద్దాలు తీసింది. "ఏడేండ్ల పోరడు ఋణం అంటడా బిడ్డా?"

"బాకీ ఉన్నా అని పెట్టనా?"

"అది కోమటి దుకాణంల మాట."

"అప్పు తీర్చడానికొచ్చా అంటే?"

"వాని నోట్లె అప్పు అన్నమాట ఎందుకొస్తది? వానికి పైసలు తెల్వయి. ఎవరిదో సామాను వాని దగ్గర ఉండిపోయింది, గంతే తెలుసు." ఒక క్షణం ఆలోచించి పిల్లవాడి గొంతులో అంది: "నీది ఒకటి నా దగ్గర ఉండిపోయింది. తెచ్చాను, తీసుకో."

పెదవుల కదలికకు కూడా సరిగ్గా సరిపోయింది. నా ఋణం కొట్టేసి అదే రాశాను.

రికార్డింగ్ రోజు మధ్యాహ్నం గిర్నీ ఆగాక మొదలుపెట్టాం. గొడుగు తాత సన్నివేశం ఒక్క ఊపులో అయిపోయింది. తర్వాత ఉయ్యాల. టీవీలో ఎదురింటి అమ్మాయి బొమ్మ ఉయ్యాల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పిల్లవాడు వచ్చాడు. పెద్దమ్మ మోకాళ్లు వంచి మొదలుపెట్టింది.

"నీది ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నీ వంతు..."

గొంతు పగిలింది. పిల్లవాడు మాయమై ముసలి గొంతు బయటపడింది.

"ఇంకోసారి అమ్మా" అన్నారు అన్నగారు. మళ్లీ చేసింది. మళ్లీ "వంతు" దగ్గరే తెగింది. నాలుగోసారికి ఆమె మైకు ముందు నుంచి జరిగి, "జర నీళ్లు తాగొస్త" అని మెట్లు దిగిపోయింది. అన్నగారు నన్ను చూశారు. గాజులు చేతిలో పట్టుకుని నేనూ వెనకే దిగాను.

మూలమీద ఇరానీ హోటల్లో కూర్చుంది. చాయ్ ముందు పెట్టుకుని తాగకుండా చెప్పింది.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు రేడియోలో పిల్లల కార్యక్రమానికి ఒక్క గొంతు కావలసి వచ్చింది. చిక్కడపల్లిలో కలిసి నాటకాలాడే ఇద్దరు స్నేహితురాళ్లు దానికి పోయారు. ఒకరు పెద్దమ్మ, ఇంకొకరు ఆమె కంటే రెండేళ్లు చిన్నది. ఇద్దరిలో చిన్నదే బాగా చేస్తుందని అందరూ అనుకునేవారు. పరీక్ష రోజు పెద్దమ్మ వంతు పొద్దున, స్నేహితురాలి వంతు భోజనాల తర్వాత. తెల్లవారేసరికి పెద్దమ్మ గొంతు పూర్తిగా పట్టేసింది. మాట పెగలడం లేదు. స్నేహితురాలు లోపలికి వెళ్లి, ఎవరితోనో మాట్లాడి వచ్చి, "నీ నంబరు నాకియ్యి, నా నంబరు నువ్వు తీస్కో" అంది. పొద్దున తనే వెళ్లింది. రెండు నిమిషాల్లో బయటికొచ్చి అయిపోయిందంది. పెద్దమ్మ మిరియాల నీళ్లు తాగుతూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. గొంతు తెరుచుకుంది. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

"అది అటెన్క నాటకం ఆడలే. ఏడాదిల అడిక్‌మెట్ దిక్కు పోయిండ్రు. మిషన్ కుడుతదని విన్న. ఏ మొఖం పెట్టుకొని పోవాలె నేను? ముందుగాల నెల ఆగిన, ఆరు నెలలాగిన. ఎంత ఆగితే గంత కష్టమాయె. ఇరవై ఆరేండ్లాయె బిడ్డా. ఈడికెంచి అడిక్‌మెట్ ఎంత దూరం?"

"నడిచిపోవచ్చు పెద్దమ్మా" అన్నాను. అన్నాక గాని నా మాట నాకు వినబడలేదు. ఆమె నన్ను చూసింది. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది.

"నువ్వు తోడొస్తవా?"

అన్నగారికి చెప్పి బయల్దేరాం. బాగ్‌లింగంపల్లి దాటి రాంనగర్ మీదుగా నడిచాం. ఆటో పిలుస్తానంటే వద్దంది. "ఆటోల అయితే ఇల్లు జెల్ది వస్తది" అంది. దారిపొడుగునా ఏం చెప్పాలో నెమరేసుకుంటూనే ఉంది. ఒకచోట ఆగి, "ఆమె నన్ను ఎల్లగొడితే నువ్వేం అనకు. ఊకె వచ్చేద్దాం" అంది. అడిక్‌మెట్‌లో ఇద్దరు ముగ్గురిని అడిగితే, మెట్ల కింద చిన్న గది, గుమ్మానికి జాకెట్లు వేలాడుతున్న ఇల్లు చూపించారు. లోపల మిషన్ చప్పుడవుతోంది.

పెద్దమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. "ఇంట్ల ఉన్నవా?" అంది.

మిషన్ ఆగింది. మెడలో టేపు వేసుకున్న ఒక బక్కపలచటి మనిషి, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నది, తల తిప్పకుండానే అంది: "రేడియో ఇంటికే వచ్చిందా ఏంది?"

లోపలికి వెళ్లాం. కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది. నన్ను చూపించి "బిడ్డనా?" అని అడిగింది. "బిడ్డ లెక్కనే" అంది పెద్దమ్మ. నాతో "నన్ను చిన్నమ్మ అను" అందామె. దారిలో నెమరేసుకున్నవన్నీ పెద్దమ్మ మరిచిపోయినట్టుంది. చివరకు కార్టూన్ మాటే వచ్చింది ఆమె నోట.

"నీది ఒకటి నా దగ్గర ఉండిపోయిందే."

"ఏంది? గిన్నెనా, చీరనా?"

"నీ వంతు. ఆ దినం రేడియోల నీ నంబరు నాకిచ్చినవు. నీకు రావాల్సింది నాకొచ్చింది. ఇన్నేండ్లు నీది తిని బతికిన."

చిన్నమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే మెడలోని టేపు జారి కిందపడింది.

"పిచ్చిదానా! నేను నీకు ఇయ్యలే. తప్పించుకున్న. ఆ దినం పొద్దుగాల లేచినకాణ్ణుంచి నాకు ఒకటే భయం. మధ్యాన్నం దాంక ఆ బల్ల మీద కూసుంటే పానం పోతదనిపిచ్చింది. గంతల నీ గొంతు పట్టిందన్నవు. తప్పించుకునేటందుకు ఇదే మోక అనుకున్న. ఉరికిపోయి, ఏదో ఒకటి చెప్పి, బయటవడ్డ. ఏం చెప్పిన్నో గూడ యాదికి లేదు. స్టేజీ మీద పదిమంది నడుమ ఉంటే భయం కాకపోయేది. గా అద్దాల గదిల ఒక్కదాన్ని, మైకు ముంగట... నాతోని కాకపోయేది తల్లీ. మధ్యాన్నం పోయినా కాకపోయేది."

పెద్దమ్మ ముఖం ఎర్రబడింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఇరవై ఆరేండ్లే! ఇరవై ఆరేండ్లు మోసిన నేను దీన్ని!"

చిన్నమ్మ నవ్వు ఆగింది. "నేను మోయమన్ననా? ఒక్కనాడొచ్చి అడిగితే ఆనాడే చెప్పకపోదునా?"

"ఏ మొఖం పెట్టుకొని..."

"గదే. నంబరు సంగతి నేను ఎన్నడు యాది చేసుకోలే. నువ్వు రాలేదన్నది యాది చేసుకున్న. ఐతారం ఐతారం రేడియో పెట్టిన. అది నా దోస్తు గొంతని పక్కింటోళ్లకు చెప్పిన. దోస్తయితే మరి ఎన్నడన్న ఇంటికి రాదా అని అడిగిండ్రు. ఏం చెప్పాలె నేను?"

చిన్నమ్మ జవాబు కోసం ఆగలేదు. మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. పెద్దమ్మ అటూ ఇటూ చూసి, మూలన కుప్పగా పడి ఉన్న జాకెట్లలో ఒకటి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించుకుని హుక్కులు కుట్టసాగింది. ఒకటి అయ్యాక ఇంకొకటి తీసుకుంది. నాకూ ఒక జాకెట్ ఇచ్చింది. సాయంత్రం దాకా ముగ్గురం ఆ గదిలో అలాగే కూర్చున్నాం. మధ్యలో ఎప్పుడో చిన్నమ్మ, "హుక్కు గట్ల కాదు, దారం లోపలికెంచి తియ్యి" అంది. అప్పటి నుంచి మాటలు నడిచాయి. ఇద్దరి పిల్లలు, చనిపోయినవాళ్లు, చిక్కడపల్లిలో ఎవరి ఇల్లు ఎవరు కొన్నారు, అన్నీ వచ్చాయి.

లేచేటప్పుడు పెద్దమ్మ అంది: "ఈ కార్టూన్ల ముసలమ్మ గొంతు గూడ నేనే చెయ్యాలె. నువ్వు చెయ్యి."

"మళ్ల బాకీ తీరుస్తున్నవా? లేదన్న గద."

"బాకీ లేదు, ఏం లేదు. పోరని గొంతు, నానమ్మ గొంతు రెండూ నాయే అయితే ముచ్చట పెట్టినట్టు ఉండది. ఇంకొక మనిషి కావాలె నాకు."

"నాకు గా భయం ఇప్పుడు గూడ ఉంది."

"ఉండనీ. నేను పక్కకు నిలబడ్త."

ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. అన్నగారిని ఒప్పించడానికి ఇంకో రోజు. "ఆవిడకి అసలు అలవాటు లేదు కదమ్మా" అన్నారాయన. "ఒక్కసారి వినుండ్రి. నచ్చకుంటే నేనే చేస్త" అంది పెద్దమ్మ.

చిన్నమ్మ వచ్చింది. కంబళ్ల గదిని, మైకును చూసి గుమ్మంలోనే వెనక్కి తగ్గింది. పెద్దమ్మ చెయ్యి పట్టి లోపలికి తెచ్చింది. నేను రాసిన కాగితం ఇచ్చాం. "ఎప్పుడొచ్చావు నాన్నా? అన్నం తిన్నావా? ఎంత చిక్కిపోయావు!" అని ఉంది. ఆమె చదివింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారికి కాగితం పెద్దమ్మ చేతిలో పెట్టేసి గుమ్మం వైపు జరిగింది. అన్నగారు నాకు సైగ చేశారు. ఇక వద్దన్నట్టు.

తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. ఆ మాటలు ఆమెవి కావు. నావీ కావు. మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఎం.ఏ.లో చేరిన మొదటి ఏడాదే నా యాస వినబడకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో తెర మీద మా మాట వచ్చిందంటే దొంగ నోటనో, పనిమనిషి నోటనో, నవ్వించడానికే వచ్చేది. ఆ స్టూడియోలో పెద్దమ్మ కూడా మైకు దగ్గర ఒక భాష, బయట ఒక భాష.

"పది నిమిషాలియ్యండి అన్నగారూ" అన్నాను. బయట మెట్ల మీద కూర్చుని, మా అమ్మ పనికెళ్లొచ్చి నన్ను పలకరించే మాటలు తలుచుకుంటూ, బొమ్మ పెదవులు ఎన్నిసార్లు కదులుతాయో లెక్కపెట్టుకుంటూ మళ్లీ రాశాను. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? బువ్వ తిన్నవా? గింత బక్కగైనవ్!"

చిన్నమ్మ ఆ కాగితం చూసి, "గిట్ల మాట్లాడొచ్చా ఈడ?" అని అడిగింది. నేను అన్నగారి వైపు చూడకుండా, మాట్లాడొచ్చన్నాను.

పెద్దమ్మ మోకాళ్లు వంచి మనవడయింది. చిన్నమ్మ ఎడమచేత్తో ఆమె కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది. తెర మీద బుట్ట ఆగింది. పిల్లవాడు దిగాడు.

"నీది ఒకటి నా దగ్గర ఉండిపోయింది నానమ్మా."

"ఏంది బిడ్డా?"

"కథ. సగంలో నిద్రపోయాను. మిగిలిన సగం నేనే తయారుచేసి తెచ్చాను."

"చెప్పు మరి. ఈసారి నేను పండుకుంటా."

చివరి మాటలో చిన్నమ్మ గొంతులో నవ్వూ నిద్రా రెండూ ఉన్నాయి. కాగితంలో నేను రాయనివి అవి. పని అయ్యాక అన్నగారు హెడ్‌ఫోన్లు తీసి కాసేపు చేతిలో తిప్పారు.

"మా అమ్మమ్మ ఇలా మాట్లాడేది కాదు" అన్నారు. నేను కాగితం మడవబోయాను. "కానీ అమ్మమ్మే. ఉంచేద్దాం."

ఉయ్యాల సన్నివేశం ఆ వెంటనే చేశాం. పెద్దమ్మ ఒక్కసారికే "నీ వంతు" అనేసింది. చిన్నమ్మ పక్కనే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

పని ఇచ్చిన ఛానెల్ వాళ్లు వద్దంటారని మేమంతా భయపడ్డాం. వాళ్ల దగ్గర నుంచి వచ్చింది ఒక్క ఫోనే. ఆ ముసలమ్మ గొంతు ఎవరిదో కనుక్కోమన్నారట, అంతే. టీవీలో వచ్చిన సాయంత్రం చిన్నమ్మ ఇంట్లో కేబుల్ లేదని అందరం చిక్కడపల్లిలో పెద్దమ్మ ఇంట్లో చేరాం. నానమ్మ కనిపించగానే చిన్నమ్మ ముఖం కొంగులో దాచుకుంది. సరిగ్గా వినబడని పెద్దమ్మ భర్త టీవీకి చెవి ఆనించి విని, ఇటు తిరిగి, "బువ్వ అన్నది! టీవీల బువ్వ అన్నది!" అని రెండుసార్లు చెప్పాడు. మా నాన్నకు చెబితే నమ్మలేదు.

ఆ తర్వాత చిన్నమ్మ ఐదారు నెలలు వచ్చింది. అవ్వలు, కాకమ్మలు, ఒక తాబేలు చేసింది. భయం మాత్రం పోలేదు. కొంగు పట్టుకోకుండా ఒక్కరోజూ మైకు ముందు నిలబడలేదు. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లు మీదపడేసరికి, "ఇగ నాతోని కాదు. నాకు నా మిషనే మంచిగుంది" అని మానేసింది. పెద్దమ్మ బతిమాలలేదు. "నీ ఇష్టం. బేస్తారం మాత్రం ఇంటికి రావాలె" అంది. ఒక బేస్తవారం ఆమె వచ్చేది, మరో బేస్తవారం ఈమె వెళ్లేది.

నేను ఆ ఇద్దరి గురించి ఎక్కువగా తలుచుకునేది నా సొంత సంగతి గుర్తొచ్చినప్పుడు. డిగ్రీలో ఒక అమ్మాయి తన నోట్సంతా నాకిచ్చింది. ఆ ఏడాది నాకు మంచి మార్కులొచ్చాయి. ఆమె తప్పింది. అశోక్‌నగర్‌లోనే ఉండేది, మా బస్తీకి పావుగంట దూరం. పోవాలి పోవాలి అనుకున్నాను. పోలేదు. తర్వాత వాళ్లు ఇల్లు మారారని విన్నాను. ఏం చెప్పాలో తెలియకపోయినా, వెళ్లగొడతారని భయపడుతూనే, ఆటో కూడా ఎక్కకుండా రాంనగర్ మీదుగా నడిచిన ఆ యాభై నాలుగేళ్ల మనిషి ధైర్యం నాకు లేకపోయింది. అలాంటి ధైర్యం ఉన్నవాళ్లను ఆ తర్వాత కూడా నేను ఎక్కువమందిని చూడలేదు.

నాకు ఉద్యోగం వచ్చి వేరే ఊరికి వెళ్లాల్సిన రోజున చెప్పడానికి చిక్కడపల్లి వెళ్లాను. బేస్తవారం. ఇద్దరూ ఉన్నారు. పులిహోరలో ఉప్పు సరిపోయిందా లేదా అని పోట్లాడుకుంటున్నారు. నాతో తీర్పు చెప్పించుకోవాలని చూశారు. సరిపోయిందన్నాను. చిన్నమ్మ, "నీ మొహమాటం పాడుగాను" అంది. నా పెట్టె ఎంత బరువుందో, ఆ ఊళ్లో నీళ్లు ఎలా ఉంటాయో, హాస్టల్లో తలుపు గడియ గట్టిదో కాదో అన్నీ అడిగారు. బస్సు దాకా ఇద్దరూ నా వెంట వచ్చారు. వీధి చివర పెద్దమ్మ, "మాటలు రాసుడు ఇడువకు బిడ్డా" అంది. "మనోళ్లు మాట్లాడినట్టు రాయి. ఎవరన్న వద్దంటే నా పేరు చెప్పు."

మెయిన్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. స్టేషన్‌కు ఏ నంబరు బస్సు పోతుందో వాళ్లిద్దరికీ కుదరలేదు. పెద్దమ్మ ఒకటంటే చిన్నమ్మ ఇంకొకటంది. పక్కన నిలబడ్డవాళ్లను కూడా అందులోకి లాగారు. వచ్చిన బస్సు ఇద్దరూ చెప్పింది కాదు గానీ, కండక్టర్ స్టేషన్‌కే పోతుందన్నాడు. ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ నాకు చెయ్యి ఊపుతూ, ఇంకా ఒకరికొకరు ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు.